అటకకు కాగితపు కంబళి

అక్టోబర్ 12, శనివారం. ఉ. 7.10
ఈ గృహమున ఏకగ్రీవంగా (హాజరు: నేనొక్కణ్ణే) తీర్మానించడమైనది: తొలి మంచు పడేలోగా అటకను పదహారు అంగుళాల మందాన కాగితపు పీచుతో కప్పవలెను!
కారణం: నిరుడు ఇంటి వేడి అటక గుండా పైకి పోయి కప్పు మీది మంచును కరిగించింది. ఆ నీరు చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి, వెనక్కి తన్ని, నా భార్య మార్డెల్ కుట్టుగదిలోకి కారింది. సగం కుట్టిన బొంత పాడైంది.
మార్డెల్ ప్రకటన: "ఈసారి ఒక్క చుక్క కారినా ఆరిజోనాలో మా అక్క దగ్గరికి పోతా. ఏప్రిల్ దాకా డులూత్‌లో నువ్వూ, నీ మంచూ."

సా. 4.00
పీచు నలభై బస్తాలు చేరింది. అంతా పాత వార్తాపత్రికలే. పత్రికల వల్ల నాకు మేలు జరగనుండటం ఇదే ప్రథమం.

అక్టోబర్ 19. ఉ. 9.00
పీచు ఊదే యంత్రం అద్దెకు తెచ్చాను. దానికి ఇద్దరు కావాలట: కింద పీచు వేసేవారొకరు, పైన గొట్టం పట్టేవారొకరు. మార్డెల్‌కు దుమ్ము పడదు.
పక్కింటి వెండెల్ ఆకులు ఊడుస్తూ ఆగాడు.
"సాయం కావాలా, ఆర్విడ్?"
"అబ్బే, నీకెందుకయ్యా శ్రమ."
"నిజంగానే అడుగుతున్నా."
"వద్దులే, ఏదోలా అయిపోతుంది."
మా ప్రాంతపు మర్యాద ప్రకారం రెండుసార్లు వద్దని, మూడోసారి ఒప్పుకోవాలి. సరిగ్గా అప్పుడే వాళ్లింట్లో ఫోను మోగింది. వెళ్లిపోయాడు.
కార్యక్రమం వాయిదా.

అక్టోబర్ 26
వాయిదా. కారణం: గాలి.

నవంబర్ 2
వాయిదా. కారణం: చర్చిలో లూటెఫిస్క్ (క్షారంలో నానబెట్టిన ఎండుచేప) విందు. ఆ జిగురు చేప కడుపునిండా తిన్నవాడు అటక ఎక్కరాదు. వెండెల్ ఎదురుగానే కూర్చున్నాడు. అతడు అడగలేదు. నేనూ అడగలేదు. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

నవంబర్ 9, శనివారం. ఉ. 10.05
జింకల వేట తొలిరోజు. ఊళ్లో మగవాళ్లు లేరు. వెండెల్ అడవిలో ఉన్నాడు. సోమవారం మంచు తథ్యమని రేడియో. మార్డెల్ విమానాల వేళలు చూస్తోంది. యంత్రం మళ్లీ తెచ్చాను. ఒంటరిగానే చేయుటకు నిర్ణయం!
అటక తలుపు కుట్టుగది కప్పులోనే ఉంది. గొట్టాన్ని అటక దూలానికి గుడ్డపీలికతో కట్టాను. దిగాను. వాకిట్లోకి వెళ్లి యంత్రం వేశాను. ఏడెనిమిది బస్తాలు ఒక్కొక్కటే కుమ్మరించాను.

మ. 1.40
తనిఖీ నివేదిక: ముడి ఊడినది. గొట్టం కిందికి జారినది. పదహారు అంగుళాల మందం సాధించబడినది. స్థలం: కుట్టుగది.
మార్డెల్ ఈ ఏడు కుడుతున్న కొత్త బొంత కనబడుట లేదు.
మార్డెల్ గుమ్మంలో నిలబడి చూసింది.
"గది వెచ్చగానే ఉంది," అంది. వెళ్లి ప్రయాణపు పెట్టె దించింది.

నవంబర్ 10. మ. 3.15
వెండెల్ జింక లేకుండా తిరిగివచ్చాడు. మా కుట్టుగది కిటికీలో బూడిదరంగు పీచు చూశాడు.
"సాయం కావాలా?"
"అబ్బే, పర్లేదు."
"నిజంగానే?"
"వద్దులే."
అతడు నిలబడ్డాడు. మూడోసారి అడుగుతాడేమోనని నేనూ నిలబడ్డాను. అతని నారింజ టోపీ మీద తొలి మంచురేకు వాలింది.
పై కిటికీ భళ్లున తెరుచుకుంది.
"వెండెల్! ఈయనకి కావాలి! రేపు ఎనిమిదింటికల్లా రా. లేదంటే ఈయన్నే మీ ఇంటికి తీసుకుపో!"
వెండెల్ నావైపు తిరిగాడు. "ఒక్క మాట అడగొచ్చుగా, ఆర్విడ్. మూడు వారాలుగా చూస్తున్నా."

రా. 7.00
తీర్మానం పునరుద్ధరించడమైనది. రేపు ఉ. 8.00. హాజరు: ఇద్దరు.
మార్డెల్ పెట్టె తలుపు దగ్గరే ఉంది. మూత మాత్రం ఇంకా వేయలేదు; రేపటి పని చూశాకేనట.