ఒక గుమ్మటం తక్కువ

పాత కట్టడాల ఆఫీసు సూపరింటెండెంటు గారికి,

పెద్ద రైల్వే స్టేషను కేర్‌టేకర్ నమస్కరించి రాయునది.

ఈ నెలాఖరుకు నేను రిటైరవుతున్నాను. మీరు పంపిన అప్పగింత జాబితా పట్టుకుని నేనూ, నా స్థానంలో వచ్చిన కొత్త కేర్‌టేకరూ మూడు రోజులు స్టేషనంతా తిరిగాం. ముఖద్వారం కమానులు పదకొండు, సరిపోయాయి. పోత ఇనుప స్తంభాలు డెబ్బై రెండు, సరిపోయాయి. వాననీళ్లు కక్కే రాతి సింహాలు నాలుగూ ఉన్నాయి. ఒకదానికి కింది దవడ లేదు, అది నేను చేరకముందే పోయింది.

చివరి వరుసలో ‘గుమ్మటం, ఒకటి’ అని ఉంది. మా స్టేషనుకు గుమ్మటం లేదు. ఆ వరుస కొట్టేసి రిలీవింగ్ ఆర్డరు పంపగలరు. అది చేతికొస్తే గానీ పింఛను కాగితం కదలదు, మేము క్వార్టర్సు వదలడానికీ లేదు.

చిత్తగించవలెను.
కేర్‌టేకర్

తా.క. కొత్తాయన భార్యతో, అత్తగారితో సహా దిగిపోయాడు. ఉన్నవి రెండు గదులు. వాళ్లు ముందు గదిలో, మేము వంటింట్లో ఉంటున్నాం. త్వరపడగలరు.

---

కేర్‌టేకర్ గారికి,

మీ ఉత్తరం అందింది. జాబితాలో పొరపాటు లేదు. దొరల కాలంలో స్టేషను కట్టినప్పటి అసలు ప్లాను ముందు పెట్టుకుని మా ఆఫీసు దాన్ని తయారుచేసింది. ప్లానులో గుమ్మటం స్పష్టంగా ఉంది. అడ్డం నలభై అడుగులు, పైన రాగిరేకు.

కాబట్టి, సదరు గుమ్మటాన్ని మీరు ఆఖరిసారి ఎప్పుడు చూశారో, అప్పటికి అది ఏ స్థితిలో ఉందో తెలియజేయగలరు.

ఇట్లు,
సూపరింటెండెంటు

తా.క. స్టోరు గదిలో చూశారా?

---

సూపరింటెండెంటు గారికి నమస్కారాలు.

మా స్టోరు గది తొమ్మిదడుగులు. అయినా మీ మాట తీసెయ్యలేక చూశాను. చీపుళ్లున్నాయి.

ముప్పై ఒక్క ఏళ్లలో నేను గుమ్మటాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. మాది పెంకుల కప్పు. ఎంత ఏటవాలంటే పిల్లి కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తుంది. మంచు కురిసే ఊళ్లలో అలా కడతారని విన్నాను, పడిన మంచు పడినట్టే జారిపోవడానికి. ఇక్కడ మంచన్నది సోడా బండివాడి పెట్టెలో తప్ప ఎవరూ చూడలేదు. చేరిన కొత్తలో నా ముందాయనను అడిగాను, ఇదేమిటని. “దొరలు కట్టారు. నువ్వు తుడువు” అన్నాడు. తుడుస్తున్నాను.

దయుంచి ఆ వరుస కొట్టెయ్యగలరు.

విధేయుడు,
కేర్‌టేకర్

తా.క. నిన్న కొత్తాయన అత్తగారు మా ఆవిడను “ఇంకా ఎన్నాళ్లుంటారమ్మా?” అని అడిగింది. “గుమ్మటం దొరికేదాకా పిన్నిగారూ” అంది మా ఆవిడ. పెద్దావిడ వంగి మంచం కింద చూసింది.

---

కేర్‌టేకర్‌కు,

ముప్పై ఒక్క ఏళ్లుగా గుమ్మటం కనిపించడం లేదని మీరే రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. అన్నేళ్లూ ఆ విషయం ఆఫీసుకు ఎందుకు తెలియజేయలేదో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. తృప్తికరంగా లేకపోతే పింఛను నిలిపివేసి, పోలీసులకు రాయవలసి వస్తుంది.

సూపరింటెండెంటు

తా.క. మీ బంధువుల్లో రాగి బిందెలు చేసేవాళ్లెవరైనా ఉన్నారా?

---

అయ్యా,

లేనిదాన్ని లేదని ఎవరైనా ఏటేటా రాసుకుంటారా? మా స్టేషనులో ఓడరేవు కూడా లేదు. అదీ నేను ఇంతవరకు తెలియజేయలేదు. దానికీ ఇదే సంజాయిషీ అనుకోండి.

నా చేతుల మీదుగా ఈ స్టేషనులో ఒక్క మేకు పోలేదు. పోయిన దవడ కూడా నా హయాంలోది కాదు. ఇప్పుడు వెళ్లిపోయేముందు గుమ్మటం దొంగ అనిపించుకుని వెళ్లలేను. అందుకని స్టేషను తెరిచిన రోజున తీసిన ఫోటో వెయిటింగు హాల్లోంచి దింపి పంపుతున్నాను. దొరలు టోపీలు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్ల నెత్తిమీద కప్పు చూడండి. గుమ్మటం ఉంటే మొదటిరోజే ఉండాలి కదా!

కేర్‌టేకర్

తా.క. మా బావమరిది బిందెలమ్ముతాడు. అవి స్టీలువి.

---

గౌరవనీయులైన కేర్‌టేకర్ గారికి,

మీ ఫోటో చూసి ఆఫీసంతా గుమిగూడింది. అందులోని కప్పు అచ్చంగా మా దగ్గరున్న ఇంకో ప్లానులోది. అది కొండమీద, మంచు కురిసే ఊరి స్టేషనుది. రెండు స్టేషన్లకూ ప్లాన్లు గీసిన దొర ఒక్కడే. ముఖద్వారాలు, స్తంభాలు, సింహాలు లెక్కతో సహా ఒకటే, తేడా అంతా పైకప్పులోనే. కాగితపు చుట్టలు రెండూ ఒకే పెట్టెలో ఓడ దిగాయి. దించుకున్నవాళ్లు ఒకరిది ఒకరు పట్టుకుపోయి కట్టేశారు.

మీ గుమ్మటం అక్కడుంది. అక్కడి కేర్‌టేకర్ తొమ్మిదేళ్లుగా ‘ఒక గుమ్మటం ఎక్కువగా ఉంది, ఏం చెయ్యమంటారు?’ అని రాస్తూనే ఉన్నాడు. మతి చలించిందనుకుని ఫైలు మూసేశాం.

ఇప్పుడొక చిక్కు. కాగితాల ప్రకారం మీరు కాపాడిన స్టేషను ఆయనది. అంటే మీ స్టేషనులో మీరు ముప్పై ఒక్క ఏళ్లుగా డ్యూటీకి హాజరు కాలేదు. అయితే ఆయనా తన స్టేషనులో హాజరు కాలేదు గనుక, ఇద్దరినీ ఒకరి చోట ఒకరు పనిచేసినట్టుగా పరిగణించాం. సంజాయిషీ రద్దయింది. రిలీవింగ్ ఆర్డరు జతపరిచాం. మీరు ఒక్కసారి కొండమీదికి వెళ్లి, మీ గుమ్మటాన్ని చూసుకుని, ఆయనకు అప్పగించినట్టు సంతకం చేస్తే చాలు.

ఇట్లు, మీ క్షేమం కోరే
సూపరింటెండెంటు

తా.క. గుమ్మటాన్ని వెంట తీసుకురానక్కర్లేదు.

---

సూపరింటెండెంటు గారికి, కొండమీది స్టేషను నుంచి నమస్కారాలు.

నిన్న పొద్దున దిగాం. ఇక్కడ కప్పు బల్లపరుపు. దాని మీద మోకాలిలోతు మంచు. నలుగురు పారలతో ఎత్తిపోస్తున్నారు. ఎత్తిపోయకపోతే కప్పు కూలుతుందట. మధ్యలో గుమ్మటం.

టికెట్ల హాల్లోకి వెళ్లి తలెత్తాను. లోపలంతా నీలం రంగు వేసి ఉంది. చుట్టూ పదహారు గుండ్రటి కిటికీలు. ఒక్కో కిటికీలోంచి వెలుగు ఒక్కో బెంచీ మీద పడుతోంది. జనం ఎవరి మూటలు వాళ్లు సర్దుకుంటున్నారు, ఒక్కరూ పైకి చూడటం లేదు. నాకు మాత్రం మెడ నొప్పెట్టేదాకా దించబుద్ధి కాలేదు.

సంతకం పెట్టే ముందు అలవాటు కొద్దీ మెలికల మెట్లెక్కి చుట్టూ తిరిగి చూశాను. వాయవ్యం వైపు రాగిరేకులు లేచిపోయాయి. నీరు దిగి నీలం రంగు పెచ్చులూడుతోంది. “ఏమయ్యా, ఇన్నేళ్లు బాగుచెయ్యలేదేం?” అని అడిగాను. “ఎక్కువైన గుమ్మటం నాదెలా అవుతుందండీ? పరాయి సొత్తు మీద చెయ్యి వేస్తే రేపు నన్నడగరూ?” అన్నాడు. న్యాయమే.

పరాయిది కాదు కదా. నాది. కారుతున్నదాన్ని కారుతున్నట్టే ఇంకొకరి చేతిలో పెట్టి ఎలా పోను? మీరు పంపిన రిలీవింగ్ ఆర్డరు తిప్పి పంపుతున్నాను. రెండు నెలలు గడువిప్పించగలరు.

విధేయుడు,
కేర్‌టేకర్

తా.క. మా ఆవిడ పక్కనే ఉంది. “మన వంటింటి కప్పు పన్నెండేళ్లుగా కారుతోందని మొత్తుకుంటే, రేపు రేపు అన్నారే!” అంటోంది. నేను విననట్టు ఇక్కడివాళ్లను నిచ్చెన అడిగాను. రాగిరేకులు ఇరవై పంపగలరు.