నువ్వు రేవులో విసిరేసిన నీలం

అత్తా,

ఇవాళ నీ సంవత్సరీకం. నాకు ఏడుపు రాలేదు.

నీ కొడుకు చేపల వేటకెళ్లి తిరిగి రానప్పుడు, మా అమ్మ పెట్టిన నీలం ఉంగరాన్ని నా వేలి నుంచి లాగి జువ్వలదిన్నె రేవులో విసిరేశావు. "శని రాయి పెట్టుకొని నా బిడ్డను మింగేసినావు గదే" అన్నావు. ఊరంతా నమ్మింది. గాలివాన వస్తుందని నేను వద్దంటుంటే, "మొగోడు ఇంట్లో కూర్చుంటాడా?" అని ఆయన్ని పడవెక్కించింది నువ్వే. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు నువ్వు.

ఈరోజు నీ మనవరాలు మొదటి జీతంతో నీలం ఉంగరమే కొనుక్కొచ్చింది. "అది మనకు అచ్చిరాదే" అని నీ కూతురు అడ్డం పడింది.

"మా నాయన గాలివానలో పోయినాడు. దానికి రాయేం చేస్తాది?" అంది పిల్ల.

నేనే దాని వేలికి తొడిగాను. నీ ఫోటోకు దండ ఆ చేత్తోనే వేయించాను.