సోమవారమా, మంగళవారమా

లచ్చుమీ,

ధర్మవరంలో కంప్యూటర్ పని చేస్తాండే మన పాప, నీ తద్దినం ఏటేటా ఫోన్లో గుర్తుచేసే ప్రోగ్రాం రాస్తాండాది. పొద్దున ఫోన్ చేసి, "నాయనా, అమ్మ పోయింది ఏ తేదీ వెయ్యాల?" అనింది.

"సోమవారందే వెయ్యి. ఆ రాత్రి కోడి కూయకముందు కదా పోయింది."

"అట్లయితే మంగళవారం నాయనా. కంప్యూటర్‌కు అర్ధరాత్రికే దినం మారిపోతాది."

"మీయమ్మ లేచి పొయ్యి ముట్టించకుండా మనింట్లో దినం ఎప్పుడు మారింది మే?"

పాప నవ్వింది గానీ, కంప్యూటర్ ఒప్పుకోలేదంట.

సరే, మంగళవారమే వెయ్యమన్నా. నీకొక దినం ఎక్కువొచ్చింది. ఆ దినంలో నువ్వు నాతో అన్నది ఒకే మాట, "రొంతసేపు ఈడ కూర్చోరాదా" అని. అప్పుడు నేను కూర్చోల్యా.

ఫోన్ పెట్టినప్పట్నుంచి పెనుకొండ బస్టాండు దాకా ఊరికే పోతాండా, వస్తాండా. కూర్చోబుద్ధి కావడంల్యా.