గోడ దాటిన తూటా

అమ్మా లొరెట్టా, నేను కులాసాగానే ఉన్నాను, దిగులు పడకు.

ఆదివారం డబ్బాల మీద గురి చూసి కాల్చాక, పిస్తోలులో ఆ సాధనకు వాడే చవక తూటాలే ఉంచేశాను. అవి తీసి ఇంటి కాపలాకు ఉంచే తూటాలు పెట్టడం మరిచాను. మర్నాడు కోళ్ళగూట్లో నక్కను కాల్చాను. తూటా నక్కలోంచి, చెక్కగోడలోంచి దూసుకుపోయి, అవతల పడుకున్న, నీ కూతురు జూనీ నా దగ్గర వదిలివెళ్ళిన కుక్కపిల్ల పెప్పర్‌కు తగిలింది.

"ఇంటి తూటా అయితే నక్కలోనే విచ్చుకుని ఆగిపోయేది కదయ్యా డెల్మర్! ఊరందరికీ తుపాకి జాగ్రత్తల పాఠం చెప్పేవాడివి నువ్వే!" అన్నాడు తుపాకుల కొట్టు క్లోవిస్.

వచ్చేటప్పుడు ఉన్ని మేజోళ్ళు తే. నీ కూతురికి ముందే చెప్పు తల్లీ. పెప్పర్ జబ్బుచేసి పోయిందనకు, తాత చేతిలో పోయిందను. జూనీకి నా ముద్దులు, అది పుచ్చుకుంటేనే.

మీ నాన్న