తోవల మీద వ్యాసం

గుండ్లబావి,
11 మార్చి 1949

నల్లగొండ జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, గుండ్లబావిలో సర్కారుది కాని ఖానగీ బడి పంతులు ఐలేశం వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గొల్ల గుర్వయ్య నోటుపుస్తకంలో ఉన్నది వ్యాసమేనని, రిపోర్టు కాదని మనవి.

1. సదరు గుర్వయ్యకు నలుబది ఏండ్లు. గొర్లు కాచుకొనును. మధ్యాహ్నం గొర్లు నీడకు పండినప్పుడు మా బడి అరుగు మీదికి వచ్చి, రెండేండ్లలో చదువను వ్రాయను నేర్చెను. ఎరిగిన సంగతి మీద వ్యాసం వ్రాయుమంటిని. 'మా ఊరి తోవలు' అని వ్రాసెను.

2. తొమ్మిది రోజుల క్రింద క్యాంపు పోలీసులు ఆయన ఇల్లు సోదా చేసి, ఆ పుస్తకమును, ఆయనను తీసుకొనిపోయిరి. అది గుట్ట మీది కమ్యూనిస్టు దళాలకు తోవ చూపు రిపోర్టని వారి అనుమానం.

3. నేను క్యాంపుకు పోయి అది వ్యాసమని చెప్పితిని. క్యాంపు పోలీసుల పెద్ద అమీను సాబు, "వ్యాసమంటే మాకు తెల్వదా? ఆవు సాధుజంతువు అని రాస్తరు. గుట్ట ఏ దిక్కుకెల్లి ఎక్కాల్నో రాస్తరా పంతులూ?" అనిరి. దానికి జవాబు ఇక్కడ వ్రాయుచున్నాను. ఒకరికి పంపునది ఉత్తరం. ఇట్లు చేయుడని చెప్పునది కరపత్రం. అడిగినవారికి అప్పజెప్పునది రిపోర్టు. తాను చూచినదానిని, తన ఆలోచనతో, ఎవరినీ ఏమీ చేయమనకుండ వ్రాసినచో వ్యాసం. అది ఆవు మీదనైనా తోవ మీదనైనా ఒకటే. మూడవ పుటలో "ఈ తోవల రేగుముండ్లు మస్తు. ముసలి గొర్రె ఈడ కుంటుతది. నేను ఎత్తుకుంట" అని ఉన్నది. ఏ రిపోర్టులోనైనా ముసలి గొర్రె ఉండునా?

4. ముగింపు లేదన్నది వారి రెండవ ఆక్షేపణ. వ్రాత గుట్ట మొదట్లో ఆగినది కనుక, పైన ఎవరున్నారో చెప్పుమని కొట్టుచున్నారు. ముగింపు వ్రాయుట నేను ఇంకా నేర్పలేదు.

5. ఆ పుస్తకంలో ఎర్రసిరాతో "ఇంకను వివరముగా వ్రాయుము. ఏ తోవ ఎక్కడ కలియునో చెప్పలేదు" అని ఉన్నది. అది దళనాయకుని హుకుమని, ఆ దస్తూరి ఎవరిదో చెప్పుమని రోజూ అడుగుచున్నారు. ఆ సంగతి ఈ అర్జీకి సంబంధించినది కాదు.

6. ఆయన భార్య బిక్షమ్మ నిన్న బువ్వ తీసుకొనిపోయి చూచి వచ్చినది. కుడిచేతి వేళ్లు వాచినవట. మా గడపలో కూర్చుండి, "గొర్లకాడి మనిషికి తోవలు గాక ఇంకేం ఎర్కుంటది పంతులూ? ఆవు మీద రాయనీకి మాకు ఆవు యాడిది?" అన్నది.

కావున తమరు ఆ పుస్తకమును తెప్పించుకొని స్వయముగా చదివి, వ్యాసమని తోచినచో మనిషిని ఇల్లు చేర్చునట్లు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఐలేశం

మరచినది: బిక్షమ్మ లేచి పోవుచు, "నీ పేరైతే ఆయన చెప్పలే" అన్నది. అయిదవ సంగతిని నేను సరిగా వ్రాయలేదు. ఎర్రసిరా నాది. పిల్లల పుస్తకములన్నియు దానితోనే దిద్దుదును. ఈ అర్జీతో దస్తూరి పోల్చుకొనవచ్చును. ఇది నల్లసిరాతో వ్రాసినందున అక్షరములు కొంచెం తేడాగా తోచవచ్చును. అయినను నావే.