పెంటన్న సంతకం

రాజయ్యా,

మీ అన్న చనిపోయిన మంగళవారానికి నేటితో ఇరవై రోజులు. పెంటన్న ఈరోజు మన సాంచాలు, ఆ మరమగ్గాలు, మళ్లీ నడుపుతాడు. నువ్వు లేవగానే నీలం నగర్‌లో అతని దగ్గరికి వెళ్లు. బల్ల మీద కాగితం ఉంది. మన నాలుగు సాంచాలు పదకొండేళ్లుగా అతనే నడుపుతున్నాడని, ఇకమీద కిరాయి నాకే ఇస్తాడని రాశాను. సంతకం పెట్టించి, సాయంత్రం నేనెక్కే బొంబాయి రైలు వేళకు ఆ కాగితం స్టేషన్‌కు తీసుకురా. నేను పింఛను కాగితం కోసం బడికి వెళ్లి, అటునుంచి అటే వస్తాను.

మారిషస్‌లో మన సుశీల దగ్గర ఉండిపోవాలంటే, అక్కడ ఏ పనీ చేయకుండా సొంత రాబడితో బతకగలనని చూపాలి. పింఛను ఒక్కటే చాలదట. కాగితాలు బొంబాయిలో ఇవ్వడానికి గడువు రేపే. నోటిమాట అక్కడ చెల్లదు.

సంతకం పెట్టమని నిన్న పెంటన్నను నేనే అడిగాను. "అన్న ఉన్నన్నాళ్లు మాట మీదనే నడిచింది. ఆయన పోంగనే నేను దొంగనైన్నా, టీచరమ్మా?" అన్నాడు. అతనికి సంతకం నేర్పింది నేను. పలక ఇచ్చి కూర్చోబెట్టింది మీ అన్న.

గొడవ పడకు. ముందు చాయ్ తాగు, తర్వాతే కాగితం తియ్యి. అన్నం మూత పెట్టి ఉంది. గడప దగ్గరి మీ అన్న చెప్పులు జరపవద్దు.

వదిన

సుశీలకు ఏడో నెల. నాన్న పోయిన సంగతి ఆమెకు ఇంకా తెలియదు. మూడు ఉత్తరాలు మొదలుపెట్టాను. ఒక్కటీ పూర్తి కాలేదు.