రెండు సీట్ల కారు

బౌలింగ్ గ్రీన్, కెంటకీ
జూన్ 1981

ప్రియమైన థర్మన్,

క్షేమంగా చేరాను. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ దారి పొడవునా తన కోడలి మీద చాడీలు చెబుతూనే ఉంది. ఆ ధాటికి నాకు ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. మిసెస్ ప్రూయిట్ అనే ముసలావిడ ఇంట్లో మేడమీద గది తీసుకున్నాను. మనిషి మంచిదే. చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె తప్ప మరొకటి వండదు.

కార్వెట్ కార్ల పనిని సెయింట్ లూయిస్ నుంచి తెచ్చిపెట్టిన ఈ కొత్త ఫ్యాక్టరీని చూస్తే నీకు ఒళ్లు మండుతుంది. ఆసుపత్రిలా ఉంది. రంగు వేసే పద్ధతి మార్చారు. రంగు ఆరాక దాని మీద గాజులాంటి పూత ఇంకొకటి వేస్తున్నారు. నన్ను రంగు తనిఖీ నుంచి తీసేసి డ్యాష్‌బోర్డులు బిగించే చోట వేశారు. కార్వెట్ ఒంటి మీద వెంట్రుకంత గీత ఉన్నా పట్టుకునేదాన్ని, ఇప్పుడు మరలు తిప్పుకుంటున్నాను.

ఇల్లు అమ్మడానికి కాగితాల మీద నా సంతకాలన్నీ పెట్టే వచ్చాను కదా, బేరం కుదరగానే వచ్చెయ్. నీకు పెన్షన్ వచ్చేసింది. నాకు రావాలంటే ఇంకా చాలా ఏళ్లు పని చెయ్యాలి. లేకపోతే నిన్ను వదిలి ఈ పొగాకు పొలాల మధ్యకి వచ్చేదాన్నా? ఆ డబ్బుతో ఇక్కడ చిన్న ఇల్లు కొందాం, వెనకాల నీ పనిముట్లకి ఒక షెడ్డు వేయిద్దాం. మనం అనుకున్నది అదే కదా.

వేళకి తిను. డబ్బా సూపులతో కడుపు నింపుకోకు.

నీ వర్నా


సెయింట్ లూయిస్
ఆగస్టు 1981

ప్రియమైన వర్నా,

మొదటి తారీఖున మన దగ్గర ఆఖరి కార్వెట్ బయటికి వెళ్లింది. గేటు దాకా అందరం దాని వెనకే నడిచాం, శవం వెనక నడిచినట్టు. హోబర్ట్ ఏడ్చాడు. ఏడ్చి, కంట్లో నలకపడిందంటూ అందరితో పోట్లాటకి దిగాడు.

నేను చేరిన కొత్తలో వచ్చినవి దాదాపు అన్నీ తెల్ల కార్లే. ఇనుముతో కాదు, గాజునారతో చేసిన కారని ఊళ్లో జనం నవ్వేవాళ్లు. ఆ గాజుపొడి చొక్కాలోకి దూరి రాత్రంతా దురద పెడుతుంటే, నువ్వు తొట్టిలో చన్నీళ్లు నింపి నన్ను కూర్చోబెట్టేదానివి. నా చొక్కాలు నీ బట్టలతో కలపకుండా విడిగా ఉతికేదానివి.

అరవై మూడులో మనిద్దరం చర్చికి వేసుకునే ఆదివారం బట్టలు వేసుకుని షోరూముకి వెళ్లడం గుర్తుందా? వెనక అద్దం రెండుగా చీలిన ఆ నీలం కారు మీద చెయ్యి వేశాను. "తాకకండి, మాస్టారూ, మరకలు పడతాయి" అన్నాడు ఆ టై కట్టుకున్న కుర్రాడు. ఆ రెండు అద్దాలూ బిగించింది నేను. నువ్వు నా మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశావు. దారిలో ఐస్‌క్రీమ్ కొనిపెట్టావు, నేనేదో పసిపిల్లాణ్ణి అయినట్టు.

ఇల్లు చూడ్డానికి ఇద్దరొచ్చారు. అడిగిన ధరకి ముఖం ముడిచి వెళ్లారు. చూద్దాం.

నీ థర్మన్


బౌలింగ్ గ్రీన్
ఏప్రిల్ 1982

నా ముసలోడా,

అయిదు ఉత్తరాలకి ఒక జవాబా? పెళ్లికి ముందు నువ్వే ఎక్కువ రాసేవాడివి.

ఇక్కడ ఒక సంగతి జరుగుతోంది. ఎవరికీ చెప్పకు. కొత్త కార్వెట్ వస్తోంది. పాతదానికి మెరుగులు దిద్దడం కాదట, చట్రం నుంచీ అంతా కొత్తదేనట. గుడ్డ కప్పి ఒకదాన్ని నెట్టుకెళ్తుంటే చూశాను. నడుమెత్తు కూడా లేదు. మా ఫోర్‌మన్ని అడిగితే, "ఏంటది అంటావేంటి వర్నా, గుడ్డ కప్పిన పియానో. చూళ్లేదా ఎప్పుడూ?" అన్నాడు.

ఒక్క ఆదివారం రారాదూ? నది ఒడ్డున కూర్చుని మాంసం కాల్చుకు తిందాం. ఇక్కడివాళ్లకి మనలా కాల్చడం చేతకాదు. నిన్ను చూడాలని ఉంది. ఈ మాట రాయించుకునేదాకా రాకపోవడం నీకు బావుందా?

నీ వర్నా


సెయింట్ లూయిస్
నవంబరు 1982

ప్రియమైన వర్నా,

ఆలస్యానికి కోపం తెచ్చుకోకు. ఒకడు ఇల్లు కొంటానని నమ్మకంగా చెప్పి, కింది గదిలో చెమ్మ చూసి పారిపోయాడు. కప్పు కూడా ఒక మూల కారుతోంది. అదంతా బాగుచేయాలి. ఫోన్ తీయించేశాను, ఊరికే ఖర్చు. ఇకమీద ఉత్తరాలు మా అన్నయ్య ఓర్విల్ ఇంటికి రాయి. మన వీధిలో ఆకతాయిలు తపాలాపెట్టెలు పగలగొడుతున్నారు. క్రిస్మస్‌కి నువ్వు ఈ మంచులో పడి రావద్దు. వీలు చూసుకుని నేనే వస్తాను.

సరే గానీ, ఆ కొత్త కారు సంగతి వివరంగా రాయి. ఇంజను ఎంత బలం? చక్రాలెలా ఉన్నాయి? మలుపుల్లో ఒరిగిపోతుందా? ఏయే రంగులు? అన్నీ రాయి, ఏదీ వదలకు. ఇక్కడ పొద్దుపోక చస్తున్నాను.

నీ థర్మన్


బౌలింగ్ గ్రీన్
ఫిబ్రవరి 1983

ప్రియమైన థర్మన్,

క్రిస్మస్‌కి వస్తానన్నావు, రాలేదు. నేనూ మిసెస్ ప్రూయిట్ మొహమొహాలు చూసుకుంటూ పంది తొడ తిన్నాం. ఆ రాత్రి నాకు పాడు ఆలోచనలు వచ్చాయి. నీకు వేరే ఎవతైనా దొరికిందేమో అనుకున్నాను. తర్వాత నీ ఉత్తరం మళ్లీ చదివాను. కారు గురించి అన్ని ప్రశ్నలు అడిగినవాడి మనసు ఇక్కడికే లాగుతోందని అర్థమై, సిగ్గుపడ్డాను.

అడిగావు కాబట్టి విను. కార్వెట్‌కి ముప్ఫయ్యేళ్లు నిండే ఈ ఏడాది పేరుతో అసలు కారే అమ్మడం లేదు. ఎనభై నాలుగు మోడలనే అంటున్నారు. ముందు మూత ఎత్తితే చక్రాల మీది రెక్కలతో సహా మొత్తం పైకి లేస్తుంది. ఇంజను, ముందు చక్రాలు, అన్నీ కళ్లెదుట కనిపిస్తాయి. కప్పు ఒకటే పలక. మరలు విప్పి తీసి వెనక పడేసుకుని ఆకాశం కింద పోవచ్చు. ఇంజను బలం రెండొందల అయిదు గుర్రాలు. అంతేనా అంటావు, నాకు తెలుసు. కానీ దీని గొప్ప ఇంజనులో లేదు, నడకలో ఉంది. చక్రాలు రొట్టెల పీటంత వెడల్పు. వాటి టైర్ల మీది గాడులు ఒకే వైపుకి కోసి ఉంటాయి, అటుది ఇటు బిగించకూడదు. కిందంతా తేలికైన అల్యూమినియం. నేను బిగించే డ్యాష్‌బోర్డులో ముళ్లు లేవు, అంకెలు వెలుగుతాయి. నువ్వు తిట్టుకుంటావు, నాకైతే నచ్చింది.

పరీక్షకి నడిపే క్లెల్ అనే అతను ఒకరోజు నన్ను ఎక్కించుకుని వెనక బాటలో ఒక చుట్టు తిప్పాడు. మలుపులో వేగం తగ్గిస్తాడనుకున్నాను. తగ్గించలేదు. నా ఒళ్లు తలుపుకి అతుక్కుపోయింది, కారు మాత్రం రోడ్డుకి అతుక్కుపోయింది. అణువంతైనా ఒరగలేదు. గతుకులో పడ్డప్పుడు మాత్రం వెన్నుపూసలెన్నో లెక్క తెలిసింది. దిగి, నువ్వుంటే ఏమనేవాడివో అనుకుంటూ నిలబడ్డాను.

రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నాను. వెనకాల జాగా ఉంది. మంచం వేయించాను. ఆ కప్పు ఎంత కారితే అంత కారనీ, వచ్చిన ధరకి ఇచ్చేసి వచ్చెయ్.

నీ వర్నా


సెయింట్ లూయిస్
జూన్ 1983

ప్రియమైన వర్నా,

ఇల్లు అమ్ముడుపోయింది. వచ్చే శుక్రవారం వస్తున్నాను. షిఫ్టు వదిలే వేళకి గేటు దగ్గర ఉండు. మంచి బట్టలు వేసుకో. ఇంకేమీ అడగకు.

నీ థర్మన్


బౌలింగ్ గ్రీన్
జూన్ 1983

థర్మన్,

నువ్వు చెప్పకుండా వెళ్లిపోయావు కాబట్టి నీ ముఖం మీద అనాల్సినవి కాగితం మీద అంటున్నాను.

మంచి బట్టలే వేసుకున్నాను. పనిదుస్తులు మార్చుకుని, బీరువా తలుపు అద్దంలో చూసుకుని పెదాలకి రంగు కూడా వేసుకున్నాను. సామాన్ల లారీ వస్తుందని రోడ్డుకేసి చూస్తున్నాను. ఎర్ర కార్వెట్ వచ్చి నా ముందు ఆగింది. లోపలున్నది నువ్వని గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు, మన పెళ్లిలో కూడా.

షిఫ్టు దిగినవాళ్లంతా మూగారు. "ఏంటి వర్నా, మీ ఆయన ఇలాంటి కార్లు కొనే డాక్టరని ఒక్కసారీ చెప్పలేదే!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

"ఎక్కు" అన్నావు.

"సామాన్లేవి?"

"ఎక్కవే, చెప్తా."

ఎక్కాను. నది పక్క మలుపుల్లో తిప్పావు. నేను రాసిన ప్రతి మాటా నిజమేనని నిరూపించావు. ఒరగలేదు, జారలేదు.

"ఇల్లు పోయిన అక్టోబరులోనే ఇచ్చేశా. ఇది చేతికొచ్చేదాకా ఓర్విల్ వాళ్ల కింది గదిలో పడుకున్నా. నీకు చెప్తే వద్దంటావు కదా!" అన్నావు, చిలిపి పని చేసిన కుర్రాడిలా.

"ఏమీ మిగల్లేదా?"

"పెన్షనుందిగా. నీ జీతముందిగా."

"మరి ఇల్లు?"

"ఇదేగా ఇల్లు! చూడు, ఆ అంకెలు ఎలా వెలుగుతున్నాయో. నీ చేతులు పడ్డవే అయుంటాయి."

అయుండొచ్చు. నాకు తెలియలేదు. రోజంతా అవే బిగిస్తాను, ఒకదానికీ ఒకదానికీ తేడా ఉండదు.

కారుతున్న కప్పు లేదు. చెమ్మ చూసి పారిపోయినవాడు లేడు. మంచు తగ్గితే నిన్ను చూడ్డానికి వద్దామని నేను సెలవుల కోసం ఫోర్‌మన్‌ని బతిమాలుతున్నప్పటికే ఆ ఇంట్లో వేరేవాళ్లు కాపురం ఉంటున్నారు. నిన్ను రప్పించుకోవాలని ఆ కారు గురించి అంత ఇష్టంగా రాశాను. నువ్వు దాన్ని కొనుక్కోవడానికి చదివావు.

అన్నింటికంటే ఎక్కువ నా మనసు కాలింది రాత్రి. పక్క దులిపి, దుప్పటి పరిచి పిలిచాను. అంత కోపంలోనూ పిలిచాను థర్మన్. "వీధిలో వదిలేస్తే ఎవడైనా గీతలు పెడతాడు" అంటూ వెళ్లి కారులో పడుకున్నావు. పొద్దున్నే నేను పనికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి లేవు.

విడాకులకి వకీలుని చూశాను. కాగితాలు ఓర్విల్ ఇంటికి వస్తాయి. రెండు గదుల ఇల్లు వదిలేసి మళ్లీ మిసెస్ ప్రూయిట్ దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడ మేడమీద గది తాళం చేతికిచ్చింది. ఒక ప్లేటు ఎక్కువ పెట్టింది.

వర్నా


సెయింట్ లూయిస్
సెప్టెంబరు 1983

ప్రియమైన వర్నా,

ప్రియమైన అని రాసే హక్కు ఇంకా ఉందో లేదో తెలీదు. కాగితాలు వచ్చాయి. సంతకం పెట్టి పంపాను.

నువ్వు రాసిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఇల్లు మనిద్దరిది, కారు నా ఒక్కడిది. క్షమించమని అడగను. అడిగితే అది కూడా అబద్ధమే అవుతుంది. మళ్లీ ఆ అక్టోబరు వస్తే మళ్లీ అదే చేస్తానేమోనని నా భయం. ఇరవై ఏడేళ్లు నా చేతుల మీదుగా వెళ్లిపోయిన కార్లలో ఒక్కటంటే ఒక్కదాంట్లో కూర్చుని గేటు దాటాలనుకున్నాను. పక్కన నువ్వుండాలనే అనుకున్నాను, నువ్వు నమ్మినా నమ్మకపోయినా. నువ్వు సంతోషిస్తావనుకున్నాను. అంత మూర్ఖుణ్ణి.

ఓర్విల్ భార్య, మా వదిన, నాతో మాట్లాడదు. గతుకు రోడ్ల మీద వెన్ను పట్టేస్తోంది, దిగాలంటే తలుపు పట్టుకుని లేవాలి. ఎక్కువగా నడపడం లేదు.

నిన్న మాత్రం తీశాను. మన పాత ఫ్యాక్టరీకి వెళ్లాను. అక్కడ ఇప్పుడు వేరే బళ్లు చేస్తున్నారు. షిఫ్టు వాళ్లంతా లోపలున్నారు, బయట తెలిసినవాడొక్కడూ లేడు. గేటు ముందు ఆపాను. కాపలా కుర్రాడు కొత్తవాడు. కారు చూశాడు, టోపీ సర్దుకున్నాడు, పరుగెత్తుకుంటూ వచ్చి వంగి నిలబడ్డాడు.

"చెప్పండి సార్, ఎవరు కావాలి సార్?" అన్నాడు.

ఆ గేటు దగ్గర నన్ను ఎవరూ ఎప్పుడూ సార్ అనలేదు వర్నా.

"ఎవరూ వద్దు బాబూ" అని తిప్పుకుని వచ్చేశాను. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఊరంతా తిరిగాను. చెప్పడానికి ఎవరూ లేరు. అందుకే నీకు రాస్తున్నాను. జవాబు రాయనక్కర్లేదు.

థర్మన్